బాల్టిమోర్ వంతెనను డాలీ ఓడ ఎందుకు ఢీకొంది? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఓడల్లో ఎలక్ట్రికల్ పని చేసినవాణ్ణి. ఇప్పుడు విశాఖలో ఉంటున్నాను. 2024 మార్చి 26న అమెరికాలోని బాల్టిమోర్‌లో డాలీ అనే ఓడ తగిలి వంతెన కూలిన వీడియో ఫోన్లలో తిరగడం మొదలైనప్పటి నుంచి బంధువులు, స్నేహితులు, వాళ్ల పిల్లలు నన్ను అడగని ప్రశ్న లేదు. ఉగ్రవాదులా, హ్యాకర్లా, కల్తీ డీజిలా, మనవాళ్లకు ఓడ నడపడం రాదా అని. 2025 నవంబరులో అమెరికా రవాణా భద్రతా మండలి, అంటే ఎన్‌టీఎస్‌బీ, కారణాన్ని తేల్చి చెప్పింది. ఆ సంగతి మాత్రం మొదటి రోజు ఊహల్లా ఊరూరా తిరగలేదు. అందుకే అందరికీ విడివిడిగా చెప్పినవన్నీ ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

అసలు ఆ రాత్రి ఏం జరిగింది?

డాలీ సింగపూర్ జెండాతో తిరిగే కంటెయినర్ ఓడ. పొడవు దాదాపు 300 మీటర్లు. సుమారు 4,700 కంటెయినర్లతో బాల్టిమోర్ రేవు నుంచి శ్రీలంకలోని కొలంబోకు బయల్దేరింది. అర్ధరాత్రి దాటాక 12:39కి రేవు వదిలింది. 1:25 ప్రాంతంలో, ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన ఇంకా ఓడ పొడవుకు మూడింతల దూరంలో ఉందనగా, ఓడలో కరెంటు పోయింది. దాంతో పాటే ప్రధాన ఇంజిను ఆగిపోయింది. కరెంటు వచ్చింది, మళ్లీ పోయింది. 1:29 ప్రాంతంలో ఓడ వంతెన స్తంభాన్ని గుద్దింది. అప్పుడు మన దగ్గర ఉదయం 11 కావస్తోంది.

వంతెన కొన్ని సెకన్లలో నీళ్లలో పడింది. రాత్రి షిఫ్టులో రోడ్డు గుంతలు పూడుస్తున్న కూలీల్లో ఆరుగురు చనిపోయారు.

ఇంతకీ తేలిన కారణం ఏమిటి?

ఒక లూజు వైరు.

అది కూడా చేతికి మందంగా తగిలే పవర్ కేబుల్ కాదు, సన్నటి సిగ్నల్ వైరు. ఓడలోని హై వోల్టేజ్ కరెంటును 440 వోల్టులకు దించే ట్రాన్స్‌ఫార్మర్‌కి ఒక బ్రేకర్, అంటే కరెంటును కలిపే, తెంచే స్విచ్చు ఉంటుంది. ఆ బ్రేకర్ మూసుకుని, అంటే కరెంటును పోనిస్తూ ఉండాలంటే దాని కంట్రోల్ సర్క్యూట్‌లో సిగ్నల్ ఎప్పుడూ తెగకుండా ఉండాలి. ఈ వైరు దగ్గర కనెక్షన్ వదులై సిగ్నల్ తెగింది. వెంటనే బ్రేకర్ తెరుచుకుంది, 440 వోల్టుల సరఫరా మొత్తం పోయింది.

వైరు ఎందుకు వదులైందో చెప్తాను, ఎందుకంటే నా ఉద్యోగమంతా ఆ పనిలోనే గడిచింది. ప్యానెల్ లోపల వందల వైర్లు ఉంటాయి. ఏ వైరు ఏదో తెలియడానికి ప్రతి దాని చివర నంబరు రాసిన చిన్న ప్లాస్టిక్ తొడుగు వేస్తాం. వైరు కొసకు లోహపు టోపీ లాంటిది నొక్కి బిగిస్తాం. టెర్మినల్ బ్లాకులో రెండు రంధ్రాలు ఉంటాయి. ఒకదాంట్లో స్క్రూడ్రైవర్ గుచ్చితే లోపలి స్ప్రింగు తెరుచుకుంటుంది, రెండో దాంట్లో వైరు కొస దూర్చాలి, స్క్రూడ్రైవర్ తీయగానే స్ప్రింగు దాన్ని పట్టుకుంటుంది. డాలీలో ఆ నంబరు తొడుగు కొసకు మరీ దగ్గరగా వచ్చేసింది. దాని మందం రంధ్రం అంచుకు అడ్డుపడి, లోహపు కొస పూర్తిగా లోపలికి పోలేదు. స్ప్రింగు దాన్ని సరిగ్గా పట్టుకోలేదు. పైనుంచి చూస్తే వైరు లోపలే ఉన్నట్టు కనిపిస్తుంది. ఓడ ఎప్పుడూ వణుకుతూనే ఉంటుంది, ఇలాంటి అరకొర పట్టు ఏదో ఒక రోజు వదిలేస్తుంది.

ఇంత పెద్ద ఓడ ఒక్క వైరుతో ఆగిపోతుందా? నమ్మబుద్ధి కావడం లేదు.

ఎక్కువ మంది అడిగింది ఇదే. నిజం చెప్పాలంటే మిగతా ఊహలన్నీ ఈ అపనమ్మకం నుంచే పుట్టాయి. నష్టం అంత పెద్దదైతే కారణమూ అంత పెద్దదే అయి ఉండాలని మనసుకు అనిపిస్తుంది.

మీ అపార్ట్‌మెంట్‌లో కరెంటు పోతే ఏమేం ఆగుతాయో గుర్తు తెచ్చుకోండి. లిఫ్టు, నీళ్ల మోటారు, వైఫై. ఓడలో కూడా అంతే, కాకపోతే అక్కడ ఆగేవాటి మీద ఓడ ప్రాణమే ఆధారపడి ఉంటుంది. ప్రధాన ఇంజిను నడిచేది చమురుతోనే అయినా, దాన్ని చల్లబరిచే నీటి పంపులు, కందెన పంపులు కరెంటుతో నడుస్తాయి. పంపులు ఆగి ప్రెషరు పడిపోగానే, ఇంజిను పాడవకుండా తనను తానే ఆపేసుకునేలా దాన్ని తయారు చేస్తారు. డాలీలో జరిగింది అదే. ఇంజిను ఆగితే ఓడకు ఉన్న ఒక్క ప్రొపెల్లరూ ఆగింది. ప్రొపెల్లర్ నుంచి నీళ్లు వేగంగా వచ్చి తగిలితేనే చుక్కానికి బలం. చుక్కాని తిప్పే మోటార్లకూ కరెంటే కావాలి.

నేను పనిచేసిన ఒక ఓడలో నడిసముద్రంలో బ్లాక్‌అవుట్ చూశాను. ఇంజిన్ రూమ్‌లో ఆ హోరు నెలల తరబడి చెవుల్లో ఉండి ఉండి, ఉన్నట్టు కూడా తెలియదు. అది ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు కాళ్ల కింద నేల లాగేసినట్టు ఉంటుంది. చీకటి, అలారంలు, ఎక్కడో మెట్ల మీద పరుగులు. తర్వాత ఎమర్జెన్సీ లైట్లు పచ్చగా వెలుగుతాయి. మా చుట్టూ అప్పుడు వందల మైళ్ల నీళ్లు తప్ప ఏమీ లేవు, తీరిగ్గా సరిచేసుకున్నాం. డాలీ ఇంజిన్ రూమ్‌లో ఉన్నవాళ్లకు దాదాపు నాలుగు నిమిషాలు ఉన్నాయి.

కరెంటు వచ్చి మళ్లీ పోయింది కదా. రెండోసారి కూడా ఆ వైరేనా?

కాదు. సిబ్బంది బ్రేకర్లను చేత్తో మళ్లీ వేసి, నిమిషంలోపే కరెంటు తెచ్చారు. కానీ ఈలోపు ఇంకొకటి జరిగిపోయింది. నడుస్తున్న రెండు జనరేటర్లకు ఇంధనం పంపడానికి ఓడలో ఫ్లషింగ్ పంపును వాడుతున్నారు. అది పైపులు కడగడానికి పెట్టిన పంపు, రోజువారీ సరఫరాకు కాదు. అసలు పంపైతే కరెంటు తిరిగి రాగానే దానంతటదే మొదలవుతుంది, ఫ్లషింగ్ పంపు మొదలవదు, ఎవరో వెళ్లి వేయాలి. మొదటి దెబ్బకు అది ఆగింది, ఇంధన ప్రెషరు తగ్గుతూ వచ్చింది, జనరేటర్లు కొట్టుకుని ఆగాయి. అప్పటికి ఓడకీ వంతెనకీ మధ్య ఒక్క ఓడ పొడవే దూరం.

ఇది మాత్రం అదృష్టం బాగోలేక జరిగింది కాదు. ఆ పంపును అలా వాడకూడదు. ఓడను నిర్వహించే కంపెనీ పర్యవేక్షణ సరిగా లేదని దర్యాప్తు తప్పుపట్టింది. మారు ట్రాన్స్‌ఫార్మర్‌కు మారే స్విచ్చు ఆటోమేటిక్‌లో కాకుండా మాన్యువల్‌లో ఉండడం కూడా విలువైన సెకన్లను తినేసింది. వైరు సంగతి ఎవరి కంటికీ కనపడనిది. పంపు అలా కాదు, రోజూ ఎదురుగా కనిపిస్తున్నదే. నాకు ఎక్కువ కోపం వచ్చింది అందుకే.

ఉగ్రదాడి కాదని అంత గట్టిగా ఎలా చెప్పారు? అదీ తెల్లారేసరికి?

ఆ రోజే అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ, బాల్టిమోర్ ఉన్న మేరీలాండ్ రాష్ట్ర గవర్నర్ వెస్ మూర్ ఇద్దరూ చెప్పింది, ఉగ్రవాదానికి సంబంధించిన నమ్మదగిన సమాచారం ఏదీ లేదని. కారణం తేలిపోయిందని వాళ్లు చెప్పలేదు. ఈ రెంటికీ తేడా ఉంది. చాలామంది ఆ తేడా వినకుండా, ఏదో కప్పిపుచ్చుతున్నారని అనుకున్నారు. ఏప్రిల్ 15న ఎఫ్‌బీఐ ఏజెంట్లు ఓడ ఎక్కినప్పుడు ఆ అనుమానం మళ్లీ రాజుకుంది. అలాంటి సోదా ఉగ్రవాదం కోసమే చేయాలని లేదు. ఓడలో లోపాలు ముందే తెలిసి దాచిపెట్టారా అన్నదీ నేరవిచారణే.

ఇంకో మాట. వంతెనను కూల్చాలని ఓడ ఎక్కినవాడు, ఢీకొనే ముందు టగ్గుల (పెద్ద ఓడల్ని లాగే, నెట్టే చిన్న ఓడల) కోసం కేకలు వేయడు, లంగరు వేయమనడు, వంతెన మీద బండ్లు ఆపమని కబురు పంపడు. ఓడలోని రికార్డరులో ఇవన్నీ వరుసగా ఉన్నాయి.

మరి సైబర్ దాడి? ఎవరో దూరం నుంచి కరెంటు ఆపేసి ఉండొచ్చు కదా?

ఒక వైరు స్ప్రింగులోంచి వదులవడానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. మొదట తెరుచుకున్నది ఏ బ్రేకరో, దాని వెనక ఏ కనెక్షన్ వదులుగా ఉందో దొరికాక ఈ ప్రశ్నకు చోటు లేదు.

వీడియోలో ఓడ కావాలనే స్తంభం వైపు తిరిగినట్టు కనపడుతోంది. నల్లటి పొగ కూడా వచ్చింది.

నేనూ ఆ వీడియో పదిసార్లు చూశాను. దూరంగా ఉన్న కెమెరా, చీకటి, పైగా వేగం పెంచి తిప్పిన కాపీలు. అలా చూస్తే ఎవరో స్టీరింగ్ కోసినట్టే ఉంటుంది. అసలు వేగంలో చూడండి. 8 నాట్ల (గంటకు దాదాపు 15 కిలోమీటర్ల) పైచిలుకు వేగంతో పోతున్న లక్ష టన్నులకు పైగా బరువు, వెనక నుంచి నెట్టేది లేదు, చుక్కానికి పట్టు లేదు. అలాంటి ఓడ గాలికీ ప్రవాహానికీ లొంగి మెల్లగా కుడివైపు జరిగిపోతుంది. పైలట్, అంటే రేవు దగ్గర ఓడకు దారి చూపించే స్థానిక నావికుడు, ఎడమకు తిప్పమని ఆదేశించాడు, ఓడ మాట వినలేదు. ఢీకొనేటప్పటికి వేగం 7 నాట్ల లోపుకు తగ్గింది. మనిషి పరుగెత్తే వేగమంత. ఆ బరువుకు అదే చాలు.

పొగ విషయం డీజిల్ ఇంజిన్లతో పనిచేసిన ఎవర్నడిగినా చెప్తారు. పాత లారీ ఎత్తు ఎక్కేటప్పుడు చూడలేదా? ఆగిన జనరేటరు ఒక్కసారిగా లోడు మీదికి వస్తే గొట్టంలోంచి నల్లగా కక్కుతుంది. ప్రధాన ఇంజిను మాత్రం మళ్లీ స్టార్ట్ కాలేదు, కాబట్టి “వేగం పెంచి గుద్దారు” అన్న మాటకు ఆధారం లేదు.

అంత పెద్ద వంతెన అట్టముక్కలా ఎలా కూలింది? ముందే బాంబులు పెట్టారంటున్నారు.

బాంబులు పెట్టింది నిజమే, కానీ ఏడు వారాల తర్వాత! ఓడ ముక్కు మీద పడి ఇరుక్కున్న ఇనుప చట్రాన్ని ముక్కలు చేయడానికి మే 13న అధికారులే పేల్చారు. ఆ వీడియోను మొదటి రాత్రిదని చెప్పి పంపినవాళ్లు ఉన్నారు, నాకే రెండుసార్లు వచ్చింది.

కూలడానికి కారణం వంతెన కట్టిన తీరు. 1977లో తెరిచిన ఆ వంతెనకు మధ్య భాగం పొడవు 1,200 అడుగులు. ఒకే ఇనుప చట్రం తెగకుండా స్తంభాల మీదుగా సాగుతుంది. రెండు ప్రధాన స్తంభాల్లో ఒకటి పోతే దాని మీది బరువు పంచుకోవడానికి ఇంకో దారి లేదు. నలుగురు మోస్తున్న నిచ్చెన కాదది, ఇద్దరు మోస్తున్నది. ఒకరు కాలు జారితే నిచ్చెన మొత్తం కింద పడుతుంది.

కల్తీ ఇంధనం వల్లే అని మొదట్లో చాలా గట్టిగా వినిపించింది?

అవును, నేను కూడా మొదటి వారంలో అదే అనుకున్నాను, అడిగినవాళ్లతో అన్నాను కూడా. లైట్లు వచ్చి పోయి వచ్చి పోయినట్టు కనపడేసరికి ఫిల్టర్లు మూసుకుపోయి ఉంటాయని లెక్క వేశాను. ఇంధనం నమూనాలు పరీక్షించారు, నాణ్యతలో లోపమేమీ లేదని 2024 మే 14 నాటి ప్రాథమిక నివేదికలోనే వచ్చింది. నేను అన్నది తప్పు.

ముందు రోజు రేవులోనే కరెంటు పోయిందట. అయినా ఎందుకు బయల్దేరారు?

పోయింది, రెండుసార్లు. బయల్దేరడానికి సుమారు 10 గంటల ముందు, నిర్వహణ పని చేస్తుండగా ఒక సిబ్బంది పొరపాటున ఎగ్జాస్ట్ గొట్టానికి ఉండే తలుపును మూసేశాడు. పొగ బయటికి పోయే దారి లేక జనరేటరు ఆగింది. దాని బదులు వచ్చినది ఇంధన ప్రెషరు చాలక ఆగింది. తర్వాత సిబ్బంది వేరే ట్రాన్స్‌ఫార్మర్‌కు, వేరే బ్రేకర్లకు మారారు. లూజు వైరు ఉన్నది ఈ కొత్తగా మారిన వైపు.

రేవులో కరెంటు పోవడానికీ, దారిలో మొదటిసారి పోవడానికీ కారణం ఒకటి కాదు. అది ముఖ్యం, ఎందుకంటే “తెలిసే పాడైన ఓడను వదిలారు” అన్న మాట రేవులో జరిగిన దాని మీదే నిలబడింది. ఆ మాట అనడానికి పంపు ఒక్కటి చాలు, రేవులోని ఆ ఎగ్జాస్ట్ తలుపు అక్కర్లేదు.

సిబ్బంది భారతీయులు కదా. వాళ్లకు రాక జరిగిందని అమెరికాలో అన్నారు. నిజమా?

మొదట కెప్టెన్ ఉక్రెయిన్ వాడని ఒక పుకారు నడిచింది. అది అబద్ధం. ఓడలో 21 మంది సిబ్బంది. 20 మంది భారతీయులు, ఒకరు శ్రీలంక వారు. ఆ సంగతి బయటికి రాగానే మాట మారిపోయింది. గోచీలు కట్టుకుని భయంతో అరుస్తున్నట్టు మనవాళ్ల మీద కార్టూన్లు వేశారు. బాల్టిమోర్ దగ్గర ఉండే మా మేనకోడలు ఆ రోజు ఫోన్ చేసి, “మావయ్యా, ఆఫీసులో నావైపు కూడా అదోలా చూస్తున్నారు” అంది. ఓడలు తెలిసిన నాకే ఏం చెప్పాలో తోచలేదు.

ఇప్పుడు చెప్పగలను. ఆ సమయంలో ఓడకు దారి చూపిస్తున్నది ఇద్దరు స్థానిక పైలట్లు, మేరీలాండ్ నీళ్లు ఎరిగిన అమెరికన్లు. రేవుల్లోకి, రేవుల నుంచి బయటికి ఓడను నడిపించేది ఎక్కడైనా స్థానిక పైలట్లే, విశాఖలోనైనా అంతే. ఓడ అదుపు తప్పాక పైలట్లు గానీ సిబ్బంది గానీ ఆలస్యం చేయలేదని, వంతెన అంత దగ్గరగా ఉండడం వల్ల వాళ్లేం చేసినా ఢీకొనకుండా ఆపడం సాధ్యపడేది కాదని ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. సిబ్బందికి చేసిన మద్యం పరీక్షల్లోనూ ఏమీ లేదు. తప్పులు జరిగాయి, వాటి గురించి పైన రాశాను. అవి నిర్వహణలో జరిగిన తప్పులు. మనుషుల రంగులో వెతికితే దొరికేవి కావు.

లంగరు వేస్తే ఆగేది కదా? టగ్గులు ఎక్కడ?

లంగరు వేశారు. పైలట్ 1:27కి ఆదేశించాడు. కానీ ఆ వేగంలో, ఆ బరువుకు, రెండు నిమిషాల్లో లంగరు ఓడను నిలబెట్టదు, బురదలో ఈడ్చుకుంటూ పోతుంది. టగ్గులు ఓడను రేవు గట్టు నుంచి లాగి, ఓడల దారిలోకి వచ్చాక వెనక్కి వెళ్లిపోయాయి. అక్కడ అదే మామూలు పద్ధతి. కరెంటు పోగానే పిలిచారు, చేరుకునేంత టైం లేదు.

బండ్లు ఆపగలిగారు కదా, మరి ఆ ఆరుగురిని ఎందుకు దించలేకపోయారు?

ఇది రాసేటప్పుడు చెయ్యి ఆగుతుంది.

పైలట్ కబురు డిస్పాచర్ (పైలట్ల ఆఫీసులో కబుర్లు అందుకునే మనిషి) ద్వారా వంతెన పోలీసులకు చేరింది. రెండు వైపులా ఉన్న పోలీసులు క్షణాల్లో బండ్లు ఆపేశారు. రోజుకు 30 వేలకు పైగా వాహనాలు తిరిగే వంతెన అది, రాత్రయినా ఎవరో ఒకరు ఎక్కుతూనే ఉంటారు. ఆ కబురు వల్ల ఎన్ని ప్రాణాలు నిలిచాయో లెక్క కట్టలేం. అప్పటి అధ్యక్షుడు బైడెన్ ఓడ సిబ్బందిని మెచ్చుకున్నది కూడా అందుకే.

పైన పని చేస్తున్నవాళ్ల సంగతి పోలీసుల రేడియోలో ప్రస్తావనకు వచ్చింది. వాళ్లను దించమని మేస్త్రీకి ఎవరైనా చెప్పాలని ఒకరు అంటున్నారు, ఇంకొక బండి వస్తే నేను పైకి వెళ్లి చెప్తానని మరొకరు అంటున్నారు. అంతలోనే వంతెన పడిపోయింది. పని చేసేవాళ్లకు నేరుగా, తక్షణం కబురు చేరే ఏర్పాటు లేకపోవడం కూడా ప్రాణనష్టానికి ఒక కారణమని నివేదిక చెప్పింది. ఒక ఫోన్ నంబరు, ఒక వాకీటాకీ అంత పని.

ఏడుగురు కూలీల్లో ఒకరు నీళ్లలో పడి బతికారు. రోడ్డు పనిని తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ ఒకరు పరుగెత్తి తప్పించుకున్నారు. చనిపోయినవాళ్లు మెక్సికో, గ్వాటెమాల, హోండురాస్, ఎల్ సాల్వడార్ నుంచి పనికి వచ్చినవాళ్లు. గల్ఫ్‌కు మనవాళ్లు పోయినట్టే, ఇంటికి డబ్బు పంపడానికి రాత్రి షిఫ్టులు చేసుకునేవాళ్లు. ఉగ్రవాదం, హ్యాకింగ్ అంటూ నడిచిన ఆ వారం రోజుల గోలలో వాళ్ల మాట ఎంత తక్కువ వినపడిందో!

తర్వాత ఓడ సిబ్బంది ఏమయ్యారు?

ఓడలోనే ఉండిపోయారు. విరిగిన వంతెన ముక్కు మీద పెట్టుకుని ఓడ కదల్లేదు, దిగడానికి వీళ్ల దగ్గర సరైన వీసాలు లేవు, విచారణ సాగుతోంది. ఎఫ్‌బీఐ ఫోన్లు తీసుకెళ్లింది. అమ్మానాన్నల నంబర్లు, బ్యాంకు యాప్‌లు అన్నీ ఆ ఫోన్లలోనే. అక్కడి నావికుల సేవాకేంద్రం వాళ్లు, స్వచ్ఛందంగా వచ్చినవాళ్లు సిమ్ కార్డులు, తినుబండారాలు పంపారు. మే 13 పేలుడు జరిగినప్పుడూ వాళ్లు లోపలే ఉన్నారు. మే 20న ఓడను తేల్చి రేవుకు లాగారు. జూన్‌లో కొందరు ఇంటికి వెళ్లగలిగారు, కొందరు విచారణ కోసం ఇంకా అక్కడే ఆగాల్సి వచ్చింది.

వంతెన వైపు తప్పేమీ లేదా?

ఉంది. నన్నడిగితే ఓడ కథ కన్నా ఇదే పెద్దది. ఓడకు కరెంటు ఎందుకు పోయింది అన్నది ఒక ప్రశ్న, ఓడ తగిలితే వంతెన ఎందుకు పడింది అన్నది వేరే ప్రశ్న. జనం ఊహలన్నీ మొదటి దాని చుట్టే తిరిగాయి.

1980లో బ్లూ నగోయా అనే చిన్న కంటెయినర్ ఓడ అదుపు తప్పి ఇదే వంతెనకు తగిలింది. వంతెన నిలబడింది. అదే ఏడాది మే 9న ఫ్లోరిడాలోని టాంపా బేలో సమ్మిట్ వెంచర్ అనే ఓడ గాలివానలో సన్‌షైన్ స్కైవే వంతెన స్తంభాన్ని గుద్ది, 35 మంది చనిపోయారు. ఆ వంతెనను తిరిగి కట్టినప్పుడు స్తంభాల చుట్టూ బలమైన రక్షణ దిమ్మెలు పెట్టారు. 1991లో ఓడలు తగిలే ముప్పును లెక్క కట్టే పద్ధతి వచ్చింది, కొత్త వంతెనలకు దాన్ని తప్పనిసరి చేశారు. పాతవాటికి మాత్రం లెక్క కట్టుకోమని సలహా ఇచ్చి వదిలేశారు.

కీ వంతెనకు ఆ లెక్క ఎవరూ కట్టలేదు. 2025 మార్చిలో ఎన్‌టీఎస్‌బీ కట్టి చూస్తే, ఉండదగిన హద్దుకు దాదాపు 30 రెట్లు ముప్పు తేలింది. వంతెన కట్టినప్పటి ఓడలు వేరు. డాలీ బ్లూ నగోయా కన్నా దాదాపు 10 రెట్లు పెద్దది. స్తంభాల దగ్గర ఉన్న చిన్న దిమ్మెలను ఓడ తగలకుండానే దాటేసింది. లెక్క కట్టాల్సిన వంతెనలు 19 రాష్ట్రాల్లో ఇంకో 68 ఉన్నాయని మండలి అప్పుడే జాబితా ఇచ్చింది.

కారణం తేల్చడానికి 20 నెలలు ఎందుకు పట్టింది? ఏదో దాస్తున్నారనే కదా అనుమానం.

ఆ ఓడలో వేల కొద్దీ కనెక్షన్లు ఉంటాయి. వాటిలో ఒకటి, చూపుకు బాగానే ఉన్నట్టు కనపడేది, కాస్త లాగితే తప్ప బయటపడనిది. దాన్ని పట్టుకోవాలి. అదొక్కటే కారణమని, మరేదీ కాదని నిరూపించాలి. నేను ఒక ఓడలో ఒకే ఒక్క అలారం ఎందుకు మోగుతోందో కనుక్కోవడానికి పదకొండు రోజులు తిరిగాను, చివరికి ఒక స్క్రూ సగం చుట్టు వదులు. అందుకని 20 నెలలు నాకు ఎక్కువ అనిపించలేదు. నివేదిక రాకముందే మే నెలలో ప్రాథమిక విషయాలన్నీ బయటపెట్టారు కూడా, ఏ బ్రేకర్లు పడ్డాయో దాంట్లోనే ఉంది.

డబ్బు ఎవరు కట్టారు?

ఓడ యజమాని గ్రేస్ ఓషన్, నిర్వాహక సంస్థ సినర్జీ కలిసి 2024 అక్టోబరులో అమెరికా ప్రభుత్వానికి దాదాపు 10.2 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి. అది కేంద్ర ప్రభుత్వం సహాయ చర్యలకు, శిథిలాల తొలగింపుకు పెట్టిన ఖర్చు. మిగతా దావాలు వేరు. 1851 నాటి ఒక పాత చట్టం పట్టుకుని తమ బాధ్యతను సుమారు 4.37 కోట్ల డాలర్లకు పరిమితం చేయమని ఆ కంపెనీలు కోర్టుకెళ్లాయి.

రేవు తెరుచుకుందా? కొత్త వంతెన ఎప్పుడు?

50 వేల టన్నుల దాకా శిథిలాలు తీసి, 2024 జూన్ 10న ఓడల దారిని పూర్తిగా తెరిచారు. ఆ రేవు మూతపడినప్పుడు దాని దెబ్బ మనదాకా వచ్చింది, అక్కడి నుంచి భారత్‌కు బొగ్గు ఎగుమతి అవుతుంది, మన ఇటుక బట్టీల్లో దాన్ని వాడతారు. వంతెన మాత్రం మొదట 2028కి, రెండు వందల కోట్ల డాలర్ల లోపే అన్నారు. 2025 నవంబరులో అంచనా 430 నుంచి 520 కోట్ల డాలర్లకు, గడువు 2030 చివరికి వెళ్లింది.

మా అబ్బాయి ఓడల్లో ఎలక్ట్రికల్ ఆఫీసర్ కోర్సులో చేరతానంటున్నాడు. ఇవన్నీ చూశాక టెన్షన్‌గా ఉంది. పంపొచ్చా?

పంపండి. మంచి ఉద్యోగం. ఇంట్లో ఇప్పుడే ఒక పని నేర్పండి. ఒక టెర్మినల్ బ్లాకు కొని, పది వైర్లు బిగించమనండి. బిగించాక ఒక్కో వైరును రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా వెనక్కి లాగి చూడమనండి, పదీ. నాకు మొదటి ఓడలో మా సీనియర్ నేర్పిన పని అదే. ప్యానెల్ తలుపు మూసే ముందు ఆయన వచ్చి, “లాగావా?” అనేవారు. లాగానని చెప్పినా వినేవారు కాదు. టార్చి నా చేతికిచ్చి, తనే మళ్లీ ఒక్కొక్కటీ లాగి చూసేవారు.